పాట ఆపింది ఎవరు, అమ్ములూ?

చిరంజీవి అమ్ములుకి, దాని భుజం మీంచి తొంగిచూస్తూ చదివే మిగతా పిల్లలకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వడిగిన ప్రశ్నకి అప్పటికప్పుడు చెప్పకుండా ఉత్తరం రాస్తానన్నాను కదా, అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదమ్మా, అందుకే. బస్సులో పాటలు వింటుంటే పక్కావిడ సంచి తగిలి ఇయర్‌ఫోన్ పిన్ను ఊడొచ్చిందనీ, ఇప్పుడు బస్సంతా వినబడిపోతుందని నువ్వు కంగారుపడేలోపే పాట దానంతటదే ఆగిపోయిందనీ చెప్పావు. "నాకు సిగ్గేస్తుందని ఫోనుకెలా తెలిసింది తాతయ్యా?" అన్నావు. ఎంత మంచి ప్రశ్న! పెద్దవాళ్లం రోజూ ఆ పిన్ను పీకుతూనే ఉంటాం, ఒక్కరమూ అడగం.

ముందు అసలు మాట చెప్పేస్తాను. పాట ఆపింది ఫోను కాదు, నువ్వు పాటలు వింటున్న ఆ యాప్. ఫోను చేసిందల్లా ఒక చాటింపు వేయడం. "పిన్ను ఊడింది, ఇక శబ్దం బయటి స్పీకర్లోకి వెళ్లబోతోంది" అని. ఫోన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్‌లో ఆ చాటింపుకి ఆడియో బికమింగ్ నాయిజీ అని పేరు పెట్టారు. శబ్దం స్పీకర్లోకి మళ్లడానికి కాస్త ముందే అది వెళ్తుంది, చూశావా, అక్కడుంది తెలివంతా. పాటల యాప్ ఆ మాట చెవినబడగానే పాటని నిలిపేసింది. దాన్ని తయారుచేసిన ఎవరో అమ్మాయో అబ్బాయో, నువ్వు బస్సెక్కడానికి ఎంతో ముందే, ఎక్కడో కూర్చుని "ఇలాంటప్పుడు పాట ఆపేయాలి" అని ఆలోచించి రాసిపెట్టారన్నమాట. నీ సిగ్గు సంగతి తెలిసింది వాళ్లకి.

ఇలా ఫోనంతటికీ సంబంధించిన కబురు వినడానికి యాప్‌లో రాసుకునే ముక్కని బ్రాడ్‌కాస్ట్ రిసీవర్ అంటారు. ఆ పేరు చూసి భయపడకండి. ఇది మా ఊళ్లో టముకు వేయడం లాంటిదే, అది చెప్తే ఇది అర్థమైపోతుంది.

మాది గోదావరి కాలవ కింద ఊరు. ఎండాకాలం కాలవ కట్టేసేవారు, మళ్లీ ఖరీఫ్‌కి జూన్‌లో నీళ్లు వదిలేవారు. వదలబోయే ముందు ఊళ్లో టముకు పడేది. సాయంత్రం రామాలయం ఎదురుగా నాలుగు చితుకులు పోగేసి మంట వేసి, డప్పుని దాని మీద అటూ ఇటూ తిప్పుతూ కాచేవాడాయన. మేం చుట్టూ గొంతుక్కూర్చుని చూసేవాళ్లం. చర్మం బిగిసేకొద్దీ దాని చప్పుడు మారేది, మొదట తడిగుడ్డ మీద కొట్టినట్టు ఉండి, పోనుపోను ఖంగుమనేది. వేలితో ఒక్కసారి మీటి చూసుకుని, సరిపోయిందనుకున్నాకే లేచేవాడు. మొదటి వీధి మలుపులో నాలుగు దెబ్బలు, ఆ తర్వాత "ఇందుమూలముగా యావన్మంది గ్రామస్తులకు తెలియజేయడమేమనగా, ఎల్లుండి తెల్లవారుజామున కాలవకి నీళ్లు వదులుతున్నారహో" అని. మేమంతా ఆయన వెనకాలే, చివరి వీధి దాకా. మా అమ్మ అన్నానికి పిలిచినా వినబడేది కాదు.

ఇప్పుడు చూడండి, మాట ఒక్కటే, విన్నది ఊరంతా. మా నాన్న మర్నాడు పొద్దున్నే పార భుజాన వేసుకుని పొలం బోదె బాగుచేయడానికి వెళ్లిపోయేవాడు. ఎండిన కాలవలో గోళీలాడే మేం మా గుంటలు వదులుకుని గట్టెక్కాలి. కాలవ గర్భంలో మేకుకి కట్టేసిన దూడల్ని విప్పి తోలుకొచ్చేవాళ్లు కొందరు. కిరాణా కొట్టాయన అయితే తలెత్తి కూడా చూసేవాడు కాదు, ఆయనకి దాంతో పని లేదు. టముకు వేసినాయన "నువ్విది చెయ్యి, నువ్వది చెయ్యి" అని ఎవరికీ చెప్పలేదు, నీళ్లొస్తున్నాయని చెప్పి ముందుకెళ్లిపోయాడు. ఎవరేం చేసుకోవాలో వాళ్లకే వదిలేశాడు.

మీ ఫోన్లో పొద్దస్తమానం ఇలాంటి టముకులు పడుతూనే ఉంటాయి, మనకి వినబడవంతే. చార్జర్ పెట్టారు, తీశారు. బ్యాటరీ అడుగంటింది. విమానం మోడ్ వేశారు. భాష మార్చారు. దుబాయ్‌లో దిగిన మామయ్య ఫోన్లో టైమ్ జోన్ మారింది. నిమిషం మారినప్పుడల్లా కూడా ఒక టముకు పడుతుంది, టైమ్ టిక్ అని. ఒక్కో కబురూ ఒక చీటీలో వస్తుంది, దాన్ని ఇంటెంట్ అంటారు, పైన కబురు పేరు ఉంటుంది, లోపల అవసరమైతే ఇంకాస్త వివరం. యాప్‌లోని రిసీవర్‌కి ఆ చీటీ అందగానే ఆన్‌రిసీవ్ అనే చోట రాసిపెట్టిన పని జరుగుతుంది. ఇంతే, ఇంతకు మించి దీన్లో బ్రహ్మవిద్య లేదు.

అయితే వినడంలో రెండు రకాలున్నాయి, ఇక్కడ కొంచెం జాగ్రత్తగా చదవండి. కొందరు అరుగు మీద కూర్చుని ఉన్నంతసేపూ టముకు వింటారు, లోపలికెళ్లి పడుకుంటే ఇక వినరు. పాటల యాప్ చేసేది ఇదే. పాట మోగుతున్నంతసేపే చెవి ఒగ్గి ఉంటుంది, పాట అయిపోగానే "ఇక నాకు చెప్పక్కర్లేదు" అని పేరు తీసేయించుకుంటుంది. అలా తీసేయించుకోవడం మర్చిపోయే యాప్‌లుంటాయి, అవి ఊరికే ఫోను మెమరీ తినేస్తూ పడుంటాయి. రెండో రకం, మా ఊళ్లో శివారు పొలాల వాళ్లది. వాళ్లకి వంతు నీళ్లు అర్ధరాత్రి వచ్చినా రావచ్చు, నిద్రపోతే ఆ తడి పోయినట్టే. అందుకని ముందే పేర్లు రాయించుకునేవాళ్లు, ఏ వేళైనా సరే తలుపుకొట్టి లేపి చెప్పాలని. యాప్‌లో ఆ పేర్ల పుస్తకం మ్యానిఫెస్ట్ అనే ఫైలు. అందులో రాయించుకుంటే, యాప్ తెరిచి లేకపోయినా సరే, ఆండ్రాయిడ్ దాన్ని లేపి మరీ కబురు చెప్తుంది.

లేపి చెప్తారంటే ఎవరికి చేదు? మొదట్లో యాప్‌లన్నీ ఎడాపెడా ఆ పుస్తకంలో పేర్లు రాయించేసుకున్నాయి. ఇంట్లో వైఫై నుంచి గుమ్మం దాటి సిమ్ డేటాలోకి మారగానే "నెట్ మారిందహో" అని ఒక టముకు, దానికి ఒక్కసారిగా అన్ని యాప్‌లూ లేచి కూర్చోవడం. మళ్లీ ఇంట్లోకి రాగానే మళ్లీ అన్నీ లేవడం. ఒక ఫొటో తీస్తే ఆ కబురుకి ఇంకో గుంపు. ఊరంతా ఒకే క్షణంలో వీధిలోకి పరిగెడితే ఎవరు మాత్రం కదలగలరు? ఫోను బిగుసుకుపోయేది, బ్యాటరీ కరిగిపోయేది. అందుకే 2016లో వచ్చిన ఏడో ఆండ్రాయిడ్‌లో కొత్త ఫొటో, కొత్త వీడియో కబుర్లని అప్పటికి అసలు ఆపేశారు, నెట్ మారిన కబురుకి పుస్తకంలో పేరు రాయించుకోవడం తీసేశారు. 2017లో ఎనిమిదో ఆండ్రాయిడ్ వచ్చేసరికి, అందరికీ కలిపి వేసే చాటింపుల్లో చాలావాటికి అదే రూలు పెట్టారు, కొన్నింటికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. 2023లో పద్నాలుగో ఆండ్రాయిడ్ ఇంకో మంచి పద్ధతి తెచ్చింది. అరుగు మీదే కునుకు తీస్తున్న యాప్‌కి అంత తొందరలేని కబుర్లని దాచిపెట్టి, అది లేచాకే చెప్తుంది. ఇవన్నీ చాలా న్యాయమైన మార్పులని నా అభిప్రాయం. నాకు అక్కర్లేని కబురుకి నన్ను లేపమని అడగడం, నేను లేచి ఊరి దీపాల నూనె తగలెయ్యడం తప్పు కదమ్మా. మీరు రేపు యాప్‌లు రాసేటప్పుడు, ఈ కబురు నాకు నిజంగా కావాలా అని ముందు అడుక్కోండి.

ఇంకోటి. కబురు విన్నాక చేసే పని చిటికెలో అయిపోవాలి. టముకు వేసినాయన్ని ఆపి, అరుగు మీద కూర్చోబెట్టి, మన కష్టసుఖాలు చెప్పుకుంటే పక్క వీధికి కబురెప్పుడు చేరుతుంది? ఆన్‌రిసీవ్‌లో పెట్టిన పని మామూలుగా యాప్ ప్రధాన దారిలోనే నడుస్తుంది, అదే దారిలో మన వేలి తాకిడికి స్పందించడం, తెర మీద బొమ్మ గీయడం కూడా జరగాలి. అది సాగిందంటే తెర కొయ్యబారిపోతుంది. హడావిడిగా అందాల్సిన చాటింపులకి పది సెకన్ల గడువు చాలాకాలంగా ఉంది, అది దాటితే "యాప్ స్పందించడం లేదు" అని ఆండ్రాయిడే మధ్యలోకొస్తుంది. మరి ఐదు నిమిషాలు పట్టే డౌన్‌లోడ్ ఉంటే? "ఫలానా పని ఉంది, వీలు చూసి చేయండి" అని, అలాంటి పనులు తర్వాత చేయించే వర్క్ మేనేజర్‌కి అప్పజెప్పి వచ్చేయాలి. మా నాన్న కూడా టముకు వినగానే అప్పటికప్పుడు పొలానికి పరిగెత్తలేదుగా, పారని గుమ్మం దగ్గర పెట్టుకుని పడుకున్నాడు.

వీటన్నిట్లో నాకు బాగా ఇష్టమైన టముకు ఒకటుంది, ఫోను ఆఫ్ చేసి ఆన్ చేశాక పడేది. బూట్ కంప్లీటెడ్. దీన్ని అమ్మమ్మ మాత్రలతో చెప్తాను.

అమ్మమ్మకి రాత్రి ఎనిమిదింటికి బీపీ మాత్ర గుర్తుచేసే యాప్ మీరు చూసే ఉంటారు. యాప్ "ఎనిమిదింటికి నన్ను లేపు" అని ఆండ్రాయిడ్‌కి చెప్పిపెట్టుకుంటుంది. ఫోను ఆఫ్ అయిందో, ఆ చెప్పిపెట్టుకున్నవన్నీ చెరిగిపోతాయి. అవును, నిజంగానే చెరిగిపోతాయి! మధ్యాహ్నం చార్జింగ్ అయిపోయి ఫోను ఆగి, సాయంత్రం మళ్లీ ఆన్ చేస్తే, ఎనిమిదింటి సంగతి ఆండ్రాయిడ్‌కి ఏమీ గుర్తుండదు. అందుకే మంచి యాప్ బూట్ కంప్లీటెడ్ కోసం మ్యానిఫెస్ట్‌లో పేరు రాయించుకుంటుంది, దానికో అనుమతి కూడా తీసుకుంటుంది. ఫోను లేవగానే ఆ కబురు విని, తన దగ్గర రాసిపెట్టుకున్న టైములు చూసి, మళ్లీ అన్నీ చెప్పిపెడుతుంది. అంతా రెండు క్షణాల పని, అమ్మమ్మకి తెలియను కూడా తెలియదు. మినహాయింపు ఇచ్చిన చాటింపుల్లో ఇదొకటి, ఎందుకివ్వాలో ఇప్పుడు మీకే తెలిసిపోయింది.

ఏడో ఆండ్రాయిడ్ నుంచి దీనికి ముందు ఇంకో టముకు కూడా పడుతోంది. ఫోను ఆన్ అయింది గానీ మనమింకా ప్యాటర్న్ గీయలేదు, అప్పుడన్నమాట. అర్ధరాత్రి ఫోను దానంతటదే అప్‌డేట్ అయి రీస్టార్ట్ అయితే, తెల్లారేదాకా ఎవరూ తాళం తీయరు కదా, అయినా అలారం యాప్ ఆ ముందస్తు కబురు విని లేస్తే ఐదింటికి మోగుతుంది. పరీక్షరోజు పొద్దున ఇది ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు.

అన్నట్టు, సెట్టింగ్స్‌లో ఫోర్స్ స్టాప్ అని ఒక బటన్ ఉంటుంది. అమ్మమ్మ మాత్రల యాప్ మీద దాన్ని ఎప్పుడూ నొక్కకండి. అది నొక్కితే యాప్‌ని మళ్లీ ఎవరో తెరిచేదాకా ఇలాంటి టముకు ఏదీ దానికి చేరదు, పెట్టుకున్న టైములు కూడా పోతాయి. కొత్తగా వేసుకుని ఒక్కసారీ తెరవని యాప్‌కీ అంతే, 2011లో ఆండ్రాయిడ్ 3.1 నుంచి అదే పద్ధతి. మన చేత్తో ఒక్కసారైనా తెరవనిదే ఏ యాప్ చాటుగా చెవులు రిక్కించకూడదని.

చాటింపు వేసేది నిజంగా ఊరి మనిషేనా అనే అనుమానం మీలో ఎవరికైనా వచ్చుంటుంది. వచ్చి ఉంటే సంతోషం. ఏ యాప్ పడితే అది "ఫోను ఆన్ అయిందహో" అని అరవడానికి వీల్లేదు, అలాంటి కబుర్లు ఆండ్రాయిడ్ ఒక్కటే పంపగలదు. యాప్‌లు తమలో తాము చాటింపులు వేసుకోవచ్చు గానీ, అందరికీ వేసే చాటింపులో రహస్యం పెట్టకూడదు, దాన్ని ఏ యాపైనా వినొచ్చు. ఎవరింట్లో విషయమైనా సరే టముకు వేసినాయన నడివీధిలో చెప్పగా నేనెప్పుడూ వినలేదు, అలాంటివి ఉత్తరంలో వెళ్లేవి. పాస్‌వర్డూ, ఓటీపీ లాంటివి కూడా ఉత్తరంలో వెళ్లాల్సినవే.

ఆ కబురు ఇన్ని యాప్‌లకి ఏ వరసలో చేరుతుంది, ఎలా లేపుతారు అని అడుగుతావని తెలుసు. అదంతా ఇప్పుడు చెప్పను. ముందు ఒకసారి కళ్లతో చూడండి. అమ్మ ఫోనైతే అమ్మనడిగి, ఆఫీసు కాల్ లేని టైము చూసుకుని, రీస్టార్ట్ చేయండి. గడియారం యాప్‌లో పది నిమిషాల తర్వాతకి అలారం పెట్టి మరీ చేయండి, ఆన్ అయ్యాక ప్యాటర్న్ గీయకుండా అలాగే బల్ల మీద పెట్టి కూర్చోండి. మోగిందా లేదా చూశాక తాళం తీసి, పైన నోటిఫికేషన్లు ఒక్కొక్కటే ఎలా వస్తున్నాయో కదలకుండా చూడండి, ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలు రాలేదు. ఇన్నాళ్లుగా చూస్తున్నా ఆ నిమిషం నాకు ఇప్పటికీ అద్భుతంగానే ఉంటుంది, అంతసేపూ నిద్రపోయిన ఊరు మన కళ్లముందే లేస్తుంటుంది. మీ అన్నయ్య ఫోన్లో ఒకసారి, అమ్మ ఫోన్లో ఒకసారి చేసి, వరసలు రెండూ పక్కపక్కన కాగితం మీద రాసి పంపండి. ఒకేలా వచ్చాయా, తేడా వచ్చిందా? తేడా వస్తే ఎందుకొచ్చిందని మీకనిపించిందో అదీ రాయండి, తప్పైనా పర్లేదు.

మీ
తాతయ్య