ట్యాంకు నిండుగా, రేడియేటర్ ఖాళీగా

ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉండే మా బావ రెండేళ్ళ కిందట 1976 నాటి హోండా గోల్డ్‌వింగ్ జీఎల్1000 మోటార్ సైకిల్ కొన్నాడు. పోయిన వేసవిలో ఒకరోజు వీడియో కాల్ చేశాడు. "రిజర్వ్ ట్యాంకులో కూలెంట్ పైదాకా ఉంది, కింద చుక్క కారట్లేదు. అయినా పది మైళ్ళు పోయేసరికి టెంపరేచర్ మీటరు ముల్లు ఎర్రగీత ఎక్కుతోంది. రేడియేటర్ పోయినట్టుంది, కొత్తది ఆర్డర్ పెట్టేశా" అన్నాడు.

"బండి చల్లారాక రేడియేటర్ మూత తీసి చూశావా బావా?" అనడిగాను.

"ట్యాంకు నిండుగా ఉంటే మూత తీయడమెందుకు?"

తీశాడు. లోపలికి వేలు పెడితే తడి తగల్లేదు. ఇంజిన్ వేడిని మోసుకొచ్చే ద్రవం కూలెంట్. దాన్ని గాలికి చల్లార్చేది రేడియేటర్, అందులోంచి పొంగినదాన్ని దాచేది రిజర్వ్ ట్యాంకు.

1974 అక్టోబరులో జర్మనీలోని కొలోన్ ప్రదర్శనలో తొలిసారి కనిపించిన బండి ఇది. 999 సీసీ, అటు రెండు ఇటు రెండుగా పడుకున్న నాలుగు సిలిండర్లు. పెట్రోల్ ట్యాంకు సీటు కింద ఉంటుంది. ట్యాంకులా కనిపించేది ఉత్త డొప్ప. దాన్ని విప్పితే లోపల కరెంటు సామాను, కూలెంట్ రిజర్వ్ ట్యాంకు, అవసరానికి పనికొచ్చే కిక్ రాడ్ కనిపిస్తాయి. నీళ్ళతో చల్లబరిచే బైకుల్లో ఇదే మొదటిది కాదు. 1971లో వచ్చిన సుజుకి జీటీ750ని అమెరికాలో ముద్దుగా 'వాటర్ బఫెలో' అనేవాళ్ళు. మనం ఎరిగిన రాయల్ ఎన్‌ఫీల్డ్ మాత్రం 2023లో హిమాలయన్ 450 వచ్చేదాకా గాలిని, ఆయిల్‌నే నమ్ముకుంది.

ఆ నీళ్ళ మీద ఎంత భారం ఉంటుందో చూద్దాం. లీటరు పెట్రోల్‌లో దాదాపు 32 మెగాజౌళ్ళ శక్తి ఉంటుంది. లీటరుకు 17 కిలోమీటర్ల మైలేజీతో, గంటకు 100 కి.మీ. వేగంతో పోతోందనుకుందాం. గంటకు ఆరు లీటర్లు కాలుతుంది, అంటే సుమారు 53 కిలోవాట్లు. అందులో చక్రానికి చేరేది మూడో వంతు కంటే తక్కువే. చాలా భాగం సైలెన్సర్ గుండా పోతుంది, ఇంచుమించు పావు వంతు కూలెంట్‌లో దిగుతుంది. ఆ పావు వంతే 13 కిలోవాట్లు. మన బాత్రూముల్లో పెట్టుకునే 2 కిలోవాట్ల గీజర్లు ఆరున్నర అన్నమాట. ఇంత వేడినీ మోసేది మూడున్నర లీటర్లు దాటని కూలెంట్. ఇంజిన్ లోహం పీల్చుకునేది పక్కనపెడితే, రేడియేటర్ పని మానేసిన మరుక్షణం నుంచి ఆ కూలెంట్ సెకనుకో డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది.

అయినా మామూలుగా మరగదు. ఎందుకు మరగదో ప్రెషర్ కుక్కర్ వాడే ఎవరికైనా తెలుసు. ఇంట్లో కుక్కర్ వెయిట్ ఆపే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు ఒక కిలో. ఈ బండి రేడియేటర్ మూతలోని స్ప్రింగు ఆపేదీ దాదాపు అంతే. ఆ ఒత్తిడిలో ఉత్త నీళ్ళే 119 డిగ్రీల దాకా మరగవు. కూలెంట్‌లో వాడే ఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం సగం కలిపితే 125 కూడా దాటుతుంది. అందుకే వేడి బండి మూత తీయకూడదు. ఒత్తిడి పోగానే 110 డిగ్రీల నీళ్ళు ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతాయి.

అయితే ఈ మూతకు కుక్కర్‌కు లేని రెండో పని ఒకటుంది. ఇరవై డిగ్రీల కూలెంట్ తొంభైకి వచ్చేసరికి నాలుగు శాతం వ్యాకోచిస్తుంది. అంటే ఒక టీ కప్పుడు ద్రవం ఎక్కువవుతుంది. అది స్ప్రింగును తోసుకుని సన్నని రబ్బరు గొట్టం గుండా రిజర్వ్ ట్యాంకులోకి పోతుంది. రాత్రి బండి చల్లారాక లోపల ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గుతుంది. అప్పుడు మూత మధ్యలో ఉన్న చిన్న కవాటం తెరుచుకుని పోయిన కప్పుడునూ వెనక్కి లాక్కుంటుంది. రోజూ ఇలా ఊపిరి పీల్చి వదులుతుందన్నమాట.

బావ బండిలో ఊపిరి బయటికే పోతోంది, లోపలికి రావడం లేదు. ఏళ్ళు గడిచి మూత రబ్బరు చెక్కలా బిగుసుకుంది. ట్యాంకుకు పోయే గొట్టం చివర వెంట్రుకంత పగులు. చల్లారేటప్పుడు బండి కూలెంట్‌ను కాకుండా, తేలిగ్గా దొరికే గాలిని పీల్చుకుంది. దానికితోడు స్ప్రింగు నీరసించింది. ఒత్తిడి నిలవక సిలిండర్లను మూసి ఉంచే సిలిండర్ హెడ్ చుట్టూ కూలెంట్ తొందరగా మరిగింది, ఆ ఆవిరి మరికాస్త ద్రవాన్ని బయటికి నెట్టింది. పోయినదంతా వెళ్ళి చేరింది రిజర్వ్ ట్యాంకులోనే. నేల మీద చుక్క పడలేదు, ట్యాంకు చూస్తే నిండుగా ఉంది. మనిషిని నమ్మించి మోసం చేయడానికి ఇంతకంటే ఏం కావాలి?

లోపలికి చేరిన గాలి ఊరికే ఉండదు. వేడిని తన గుండా పోనివ్వడంలో నీటి కంటే గాలి ఇరవై రెట్లకు పైగా బలహీనం. కాలిన పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వు పక్కన ఒక గాలి బుడగ చిక్కుకుంటే అక్కడి లోహం ఒంటరిగా ఉడుకుతుంది. పైగా టెంపరేచర్ సెన్సర్ చుట్టూ కూలెంట్ లేకపోతే మీటరు తప్పు చెప్పొచ్చు. బావ బండి ఎర్రగీత చూపించింది కనుక అదృష్టవంతుడే అనాలి.

ఇవన్నీ చూడకముందే రేడియేటర్ కొనడం నాకు నచ్చలేదు. బండి ఎప్పుడు వేడెక్కుతోంది అన్న ప్రశ్నలోనే సగం జవాబు ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వేడెక్కి, కదిలాక చల్లబడితే ఫ్యాన్‌ను అనుమానించాలి: మోటారు, దాని స్విచ్చి, తుప్పు పట్టిన ఎర్త్ వైరు. నిలబడితే బాగుండి, హైవే మీద వేగం పెరిగేకొద్దీ ముల్లు ఎక్కితే లోపల ప్రవాహం చాలడం లేదని అర్థం. పూడుకున్న రేడియేటర్ కావచ్చు, సగమే తెరుచుకునే థర్మోస్టాట్ కావచ్చు, అంటే కూలెంట్ వేడెక్కాకే రేడియేటర్‌కు దారి ఇచ్చే కవాటం.

థర్మోస్టాట్ లోపల ఉండేది మైనం. కరిగి వ్యాకోచించి ఒక చిన్న కడ్డీని తోస్తుంది, దారి తెరుచుకుంటుంది. సెర్జియస్ వెర్నెట్ 1930ల్లో కనిపెట్టిన సంగతి ఇది. ఆయన ఆ తర్వాత కంపెనీ పెట్టిన యెల్లో స్ప్రింగ్స్ ఊరూ ఒహాయోలోనే ఉంది. పరీక్ష వంటింట్లోనే చేయొచ్చు. గిన్నెలో నీళ్ళు పోసి, థర్మోస్టాట్‌ను అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి కాచాలి. ఎనభై దాటుతుండగా తెరుచుకోవడం మొదలవ్వాలి. మన దగ్గర కొందరు మెకానిక్‌లు పూర్వం అంబాసిడర్ కార్లలో దీన్ని పీకి పారేసేవారు, 'చల్లగా నడుస్తుంది' అని. చల్లగానే నడుస్తుంది, కానీ ఇంజిన్ ఎంతకీ వేడెక్కక పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరై పోకుండా అక్కడే ఉండిపోతుంది.

పాత బండికి పరుగు కంటే నిలబడి ఉండడమే ఎక్కువ చేటు. కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు సీలులో కార్బన్ బిళ్ళ, సిరామిక్ బిళ్ళ ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ తిరుగుతాయి. వాటి మధ్య పలచటి కూలెంట్ పొరే నూనె. షెడ్డులో ఐదేళ్ళు నిలబెడితే ఆ పొర ఎండి గరుకవుతుంది. పంపు అడుగున చిన్న బెజ్జం ఉంటుంది. సీలు పోతే కూలెంట్ ఆయిల్‌లోకి కాకుండా అందులోంచి బయటికి కారాలని కావాలనే పెట్టారు. అక్కడ కారుతోందని ఎం-సీల్ పెట్టి మూసేస్తే కారడం ఆగుతుంది, కొన్నాళ్ళకు ఆయిల్ మజ్జిగలా తెల్లబడుతుంది.

గొట్టాలు లోపలినుంచి పాడవుతాయి, పైకి నిగనిగలాడుతుంటాయి. నొక్కి చూస్తే క్లిప్పు దగ్గర మెత్తగా, మధ్యలో కరకరలాడుతూ ఉంటే మార్చడమే. ఊడదీసేటప్పుడు మాత్రం మెలితిప్పి లాగకూడదు, రేడియేటర్ మెడ అతుకు ఊడుతుంది. పాత గొట్టాన్ని బ్లేడుతో నిలువునా కోసి తీయడమే మేలు.

ఇక కూలెంట్. గ్లైకాల్ ఏళ్ళ తరబడి వేడెక్కి ఆమ్లాలుగా మారుతుంది, దానిలో కలిపిన తుప్పు నిరోధకాలు అయిపోతాయి. అప్పుడు అల్యూమినియం కరగడం మొదలవుతుంది. కలిపే నీళ్ళ సంగతి మనవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున పట్టే తెల్లటి పొరే వేడి ఇంజిన్ లోపలా పడుతుంది. కాల్షియం కార్బొనేట్ చాలా లవణాల్లా కాదు, నీళ్ళు వేడెక్కేకొద్దీ తక్కువ కరుగుతుంది. కనుక సరిగ్గా ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే గట్టిపడుతుంది. డిస్టిల్డ్ వాటర్ తప్ప మరొకటి పోయొద్దు. పాతది బయటికి తీశాక పళ్ళెం నేల మీద వదిలేయకూడదు కూడా. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి. ఒంట్లో ఆక్సలేట్‌గా మారి మూత్రపిండాల్లో స్ఫటికాలు కట్టి ప్రాణం తీస్తుంది. మనుషులకైనా అంతే.

బావ కొన్నవి చివరికి ఒక మూత, జానెడు గొట్టం, నాలుగు లీటర్ల కూలెంట్. మెల్లగా పోసి, మూత తీసే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేశాడు. థర్మోస్టాట్ తెరుచుకునేదాకా బుడగలు వస్తూనే ఉన్నాయి. గొట్టాలు పిసుకుతూ, తగ్గినకొద్దీ పోస్తూ, బుడగలు ఆగాక మూత బిగించాడు. రిజర్వ్ ట్యాంకు మీద పెన్సిల్‌తో గీత పెట్టి యాభై మైళ్ళు తిరిగొచ్చాడు. వచ్చేసరికి కూలెంట్ గీతకు వేలెడు పైన ఉంది. తెల్లారి చూస్తే మళ్ళీ గీత దగ్గరికే వచ్చింది.

కొత్త రేడియేటర్ పెట్టె ఇంకా విప్పలేదు. దాని మీద హెల్మెట్ పెట్టుకుంటున్నాడు.