"ఎర్ర బటనుంది కదా, ఇంకేటి భయం?": యంత్ర భద్రతలో అపోహలు - వాస్తవాలు

నెల్లిమర్ల, రాజాం జూట్ మిల్లులైనా, పలాస జీడిపప్పు యూనిట్లైనా, పైడిభీమవరం మందుల కంపెనీలైనా, యంత్రాల గార్డుల (కదిలే భాగాలకి అడ్డుపెట్టే రక్షణల) గురించి వినిపించే మాటలు ఇంచుమించు ఒకటే. పరికరం ఈరోజు పనిచేస్తోందా లేదా అన్నది అందరూ చూస్తారు. అది పాడైన రోజు మిషన్ ఏం చేస్తుందన్నది ఎవరూ అడగరు. ఫంక్షనల్ సేఫ్టీ అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

అపోహ: ఎర్ర బటనుంది కదా!

అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13850 ఎమర్జెన్సీ స్టాప్‌ని (ఆ ఎర్ర బటన్‌ని) అదనపు ఏర్పాటుగానే చూస్తుంది. గార్డు ఉండాల్సిన చోట గార్డే ఉండాలి. నార దువ్వే కార్డింగ్ మిషన్ రోలర్ల మధ్య చెయ్యి పడినవాడికి బటన్ అందదు. పక్కవాడు నొక్కినా బరువైన సిలిండర్ ఊపు తగ్గేదాకా తిరుగుతూనే ఉంటుంది. ఇలాంటి చోట కరెంటు ఒక్కసారిగా తీసేసే కేటగిరీ 0 స్టాప్ కంటే, డ్రైవుతో (మోటారు వేగాన్ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టెతో) బ్రేకు వేయించి ఆగాక కరెంటు తీసే కేటగిరీ 1 మేలు. మూతకి మామూలు డోర్ స్విచ్ కూడా చాలదు. సిలిండర్ పూర్తిగా ఆగేదాకా మూత తెరుచుకోనివ్వని లాక్ కావాలి. ఇంకోటి: నొక్కిన బటన్‌ని తిప్పి వదలగానే మిషన్ దానంతటదే నడిస్తే వైరింగ్ తప్పు. స్టార్ట్ విడిగా నొక్కాల్సిందే.

అపోహ: సేఫ్టీ రిలే పెట్టించాం, పీఎల్-డి వచ్చేసింది.

మాకు ఎక్కువగా కనిపించే లోపం ఇక్కడే. ఐఎస్ఓ 13849-1 ప్రకారం పెర్ఫార్మెన్స్ లెవెల్ (పీఎల్; పీఎల్-ఏ నుంచి అన్నిటికంటే గట్టిదైన పీఎల్-ఈ దాకా భద్రతా స్థాయి) అన్నది తలుపు స్విచ్, దాన్ని గమనించే రిలే, మోటారుకి కరెంటు కలిపి తీసే కాంటాక్టర్ మూడూ కలిసిన గొలుసుకి వస్తుంది, రిలే ఒక్కదానికి కాదు. రిలే మీద పీఎల్-ఈ అని అచ్చేసి ఉన్నా, కింద ఒక్కటే కాంటాక్టర్ ఉండి దాని కాంటాక్టులు వెల్డయి అతుక్కుపోతే, రిలే తెరుచుకున్నా మోటారు ఆగదు.

రెండు కాంటాక్టర్లు సిరీస్‌లో వేయండి. ఒక్కోదాని మిర్రర్ ఎన్‌సీ కాంటాక్టుని (మెయిన్ కాంటాక్టు అతుక్కుపోతే మూసుకోని సహాయక కాంటాక్టుని) రిలే ఫీడ్‌బ్యాక్ టెర్మినళ్లకి తీసుకెళ్లండి. అప్పుడు ఒకటి అతుక్కుపోయినా రెండోది ఆపుతుంది, రిలే మళ్లీ స్టార్ట్ కానివ్వదు. కమిషనింగ్ హడావుడిలో ఆ టెర్మినళ్లకి చిన్న వైరు ముక్కతో జంపర్ కొట్టి వదిలేస్తారు, ఇక కాంటాక్టర్ అతుక్కుపోయినా రిలేకి తెలియదు. ప్యానెల్ తెరవగానే ముందు అది చూడండి.

నాలుగు తలుపుల స్విచ్‌లని ఒకే రిలేకి సిరీస్‌లో కలిపినా తంటాయే. ఒక తలుపు స్విచ్‌లో ఒక చానల్ (జంట కాంటాక్టుల్లో ఒకటి) అతుక్కుపోతే రిలే ఆ లోపాన్ని కనిపెడుతుంది. కానీ మరో తలుపు తీసి వేయగానే రెండు చానళ్లూ సరిగ్గా తెరుచుకుంటాయి, రిలే రీసెట్ అయిపోతుంది, లోపం మాత్రం లోపలే ఉండిపోతుంది. అందుకే ఒక్కో తలుపునీ విడిగా తెరిచి పరీక్షించాలి. తలుపు అరుదుగా తెరిచేదైతే పీఎల్-డికి కనీసం ఏడాదికోసారి, పీఎల్-ఈకి నెలకోసారి.

అపోహ: పీఎల్‌సీలో ఇంటర్‌లాక్ రాశాం.

మామూలు పీఎల్‌సీ (మిషన్‌ని ప్రోగ్రాముతో నడిపే కంట్రోలర్) అవుట్‌పుట్ షార్టయి ఆన్‌లోనే ఉండిపోతే ప్రోగ్రాముకి ఆ సంగతి తెలియదు. సేఫ్టీ పీఎల్‌సీ వేరు, అది తన అవుట్‌పుట్‌లని తానే పరీక్షించుకుంటుంది.

అపోహ: జాలీ వేశాం.

తిరిగే భాగాలకి గట్టి రక్షణ ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ ఏనాడో చెప్పింది. ఎంత దూరంలో అన్నది ఐఎస్ఓ 13857 చెబుతుంది. చదరపు కన్ను 12 నుంచి 20 మి.మీ. అయితే జాలీకీ ప్రమాద భాగానికీ మధ్య కనీసం 120 మి.మీ., 40 దాటితే 850 మి.మీ. ఉండాలి. రైసు మిల్లుల్లో 50 మి.మీ. కన్ను జాలీని పుల్లీకి ఆనించి బిగిస్తారు. అందులో చెయ్యి భుజం దాకా దూరుతుందని ప్రమాణం లెక్క.

అపోహ: కరెంటు పోయింది, ఇప్పుడు చెయ్యి పెట్టొచ్చు.

మామూలు ఆన్-ఆఫ్ స్విచ్‌తో నడిచే మోటారు కరెంటు రాగానే తిరుగుతుంది. జనరేటర్ ఆటో చేంజోవర్ ఉంటే సెకన్లలోనే. హోల్డింగ్ కాంటాక్ట్ ఉన్న స్టార్టర్ (కరెంటు పోతే వదిలేసి, మళ్లీ స్టార్ట్ నొక్కితేనే నడిచేది) వేస్తే ఆ బెడద లేదు. 2018 తిత్లీ లాంటి తుపాను తర్వాత లైన్లు తిరిగి కట్టినప్పుడు ఫేజులు తారుమారైతే మోటారు ఉల్టా తిరుగుతుంది, కన్వేయర్ వెనక్కి లాగుతుంది. ఫేజులు తారుమారైతే మోటారుని నడవనివ్వని ఫేజ్ సీక్వెన్స్ రిలే ఖర్చు దాని ముందు ఎంత?

చెయ్యి పెట్టే ప్రతి మనిషీ మెయిన్ ఐసొలేటర్‌కి తన తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే పెట్టుకోవాలి. గాలి, ఆవిరి పీడనం వదిలేయాలి, ఎత్తిన భాగాలకి దిమ్మ పెట్టాలి, డ్రైవ్ లోపల మిగిలిన చార్జ్ దిగడానికి లేబుల్ మీద రాసినన్ని నిమిషాలు ఆగాలి. ఆఖరున స్టార్ట్ నొక్కి, తిరగలేదని చూసుకోవాలి.

అపోహ: కుర్రాళ్లు మాట వినరు, స్విచ్‌కి అయస్కాంతం కట్టేస్తారు.

కట్టారంటే ముందు కారణం అడగండి. ఒక్కో జామ్‌కీ మొత్తం లైన్ ఆపి, తలుపు తీసి, మళ్లీ మొదటినుంచి స్టార్ట్ చేయాల్సి వస్తుంటే, టార్గెట్ మీద పడ్డ మనిషి అదే చేస్తాడు. జామ్ తీయడానికి తలుపు తెరిచి ఉండగానే, బటన్ నొక్కి ఉంచినంతసేపే మెల్లగా నడిచే పద్ధతి పెట్టండి. వదలగానే ఆగాలి. కోడెడ్ స్విచ్ (తలుపుకి బిగించిన తన జత ముక్కనే గుర్తించేది, అయస్కాంతానికి లొంగనిది) సంగతి ఆ తర్వాత. ముందే బిగిస్తే వాళ్లు ఆ స్విచ్‌నే ఊడదీసి, తలుపు తెరిచి ఉంచి, తలుపు వైపు ముక్కని దానికి కట్టేస్తారు.