ఎదుటి బెంచీ ఖాళీగా ఉన్న రాత్రి

కబడ్డీలో ఎదుటి జట్టు రాకపోతే ఇక ఆటే లేదు. కూతకు వెళ్తే పట్టుకునేవాడు ఉండాలి కదా. బౌలింగ్ అలా కాదు. క్రికెట్ బౌలింగ్ గురించి కాదు నేను చెప్పేది, లేన్ మీద బరువైన బంతి దొర్లించి పది పిన్నులు పడగొట్టే ఆట గురించి. బంతి వదిలేటప్పుడు దాటకూడని గీత, అంటే ఫౌల్ లైను నుంచి మొదటి పిన్నుకు 60 అడుగుల దూరం. ఆ దూరంలో ఎదుటివాళ్ళు నా బంతిని ఆపలేరు, నా పిన్నుల్ని కాపాడలేరు. అయినా వాళ్ళు లేని రోజు నా ఆట మారిపోతుంది. ఎందుకు మారుతుందా అని నేను చాలా రోజులు ఆలోచించాను.

టెక్సాస్‌లో నేను ఆడే లీగులో జట్టుకు నలుగురం. పక్కపక్కనే ఉన్న రెండు లేన్ల మీద, ఫ్రేము ఫ్రేముకూ లేన్ మారుతూ, రెండు జట్లూ ఆడతాయి. ఫ్రేము అంటే ఒకరి వంతు, పది పిన్నులూ పడగొట్టడానికి రెండు బంతుల అవకాశం. రాత్రికి మూడు గేములు. పోయిన చలికాలంలో ఒక మంగళవారం బూట్లు కట్టుకుంటుంటే మా జట్టులో అందరికన్నా చిన్నవాడు ఫోన్ చూసి, "అన్నా, వాళ్ళు రావట్లేదంట" అన్నాడు. వాడి మొహంలో హమ్మయ్య అన్న భావం కనిపించింది. నాకు మాత్రం ఒంట్లోంచి గాలి తీసేసినట్టయింది.

వాళ్ళు రాలేదని పాయింట్లు ఊరికే వచ్చిపడవు. అమెరికా లీగుల్లో మామూలుగా ఉండే నిబంధన ఏమిటంటే, ఎదుటి జట్టు లేకపోతే మీ సగటు స్కోరే మీ ప్రత్యర్థి. మనిషికి పది పిన్నుల తగ్గుదల వరకు ఒప్పుకుంటారు. మా నలుగురి సగటులు కలిపితే 612, అంటే గేముకు కనీసం 572 కొట్టాలి. వినడానికి చాలా తేలిక. మొదటి గేములో మాకు వచ్చింది 566.

మనిషి పక్కన మనిషి ఉంటే ఏమవుతుందన్నది మనస్తత్వ శాస్త్రంలో బాగా పాత ప్రశ్న. 1898లో అమెరికాలోని ఇండియానాలో నార్మన్ ట్రిప్లెట్ అనే పరిశోధకుడు సైకిల్ పందేల రికార్డులు తిరగేస్తే, ఒంటరిగా గడియారంతో పోటీపడ్డవాళ్ళ కన్నా పక్కన ఇంకొకరితో తొక్కినవాళ్ళు వేగంగా వెళ్ళినట్టు కనిపించింది. ఆ తర్వాత 40 మంది పిల్లల చేత చేపల గాలపు చక్రాలు తిప్పించాడు. పక్కన ఇంకొకరు తిప్పుతుంటే సగం మంది వేగం పెంచారు. పావు వంతు మంది మాత్రం కంగారుపడి ఇంకా నెమ్మదించారు. ఆ అంకెల్ని ఇప్పటి గణాంక పద్ధతుల్లో మళ్ళీ లెక్కవేస్తే మొత్తం మీద తేడా చాలా స్వల్పమని తేలింది. నాకు ముఖ్యమనిపించేది మాత్రం ఆ కంగారుపడ్డ పావు వంతే.

వాళ్ళ సంగతి 1965లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త విడమరిచి చెప్పాడు. పక్కన ఎవరైనా ఉంటే ఒంట్లో ఉద్వేగం పెరుగుతుంది. అప్పుడు మనకు బాగా అలవాటైన పనే ముందుకు తన్నుకొస్తుంది. ఆ అలవాటు మంచిదైతే ఆట మెరుగవుతుంది, ఇంకా కుదురుకోకపోతే చెడుతుంది. 1969లో ఆయన బొద్దింకలతోనూ దీన్ని చూపించాడు. చుట్టూ వేరే బొద్దింకలు చూస్తుంటే, తిన్నని దారిలో బొద్దింక ఇంకా వేగంగా పరిగెత్తింది. మలుపు తిరగాల్సిన దారిలో తడబడింది. 1982లో వచ్చిన ఇంకో పరిశోధన మా ఆటకు మరీ దగ్గర. ఒక కాలేజీలో పూల్, అంటే బల్ల మీద కర్రతో బంతుల్ని కన్నాల్లోకి కొట్టే ఆట, ఆడుతున్న వాళ్ళ దగ్గరికి నలుగురు వెళ్ళి నిలబడి చూశారు. బాగా ఆడేవాళ్ళు అంతకుముందు నూటికి 71 షాట్లు కొట్టేవాళ్ళు, 80 కొట్టారు. అంతంతమాత్రం ఆడేవాళ్ళు 36 నుంచి 25కు పడిపోయారు.

అందుకే ఆ రాత్రి మా చిన్నవాడికి ఖాళీ బెంచీ మేలే చేసింది. వాడి అడుగులు ఇంకా కుదురుకోలేదు, చూసేవాళ్ళు లేకపోతే స్వేచ్ఛగా ఆడతాడు. పదేళ్ళుగా ఆడుతున్న నాకు అదే నష్టమైంది. కొత్తగా ఆడేవాళ్ళకు నా మాట ఒకటే. ఎదుటి జట్టు రాలేదని దిగులు పడొద్దు. కొత్త పట్టు, కొత్త అడుగు పరీక్షించుకోవడానికి అంతకన్నా మంచి రాత్రి దొరకదు.

మనసు సంగతి అలా ఉంచితే, లేన్ కూడా మారుతుంది. లేన్ మీద ముందు భాగంలో, మామూలుగా 40 అడుగుల దాకా, పల్చగా నూనె పూస్తారు. దొర్లే ప్రతి బంతీ కొంత నూనెను ఎత్తుకుపోతుంది, అందుకే గేములు గడిచేకొద్దీ బంతి ముందుగానే వంపు తిరగడం మొదలుపెడుతుంది. ఎనిమిది మంది బదులు నలుగురే ఆడితే నూనె ఎక్కువసేపు నిలుస్తుంది. అలవాటు కొద్దీ రెండో గేములో పక్కకు జరిగి నిలబడితే గురి తప్పుతుంది. ఇక వేగం సంగతి. ఎదుటివాళ్ళు ఆడేంతసేపు కూర్చుంటే చెయ్యి ఆరుతుంది, ఊపిరి కుదుటపడుతుంది. వాళ్ళు లేకపోతే నా వంతు రెండింతలు తొందరగా వచ్చేస్తుంది. మొదటి గేములో పదో పిన్ను, అంటే కుడివైపు చివర మూలన నిలబడేది, రెండుసార్లు ఒక్కటే మిగిలింది. బంతి తుడవకుండా, తువ్వాలు కుర్చీ మీదే వదిలేసి, గబగబా వెళ్ళి రెండుసార్లూ గట్టర్లో, అంటే లేన్ పక్కనుండే కాలువలో, వేశాను.

ఒక్క పిన్నే కదా అనిపిస్తుంది గానీ, లెక్క చూడండి. తొమ్మిది పడి, మిగిలిన ఒకటి పడగొట్టకపోతే ఆ ఫ్రేముకు తొమ్మిదే. పడగొడితే స్పేర్, పదికి తోడు తర్వాతి బంతికి పడినవి కూడా కలుస్తాయి. ఆ బంతికి తొమ్మిది పడితే మొత్తం 19. అంటే ఒక్క తేలికైన స్పేర్ వదిలేస్తే సుమారు పది పిన్నులు పోయినట్టే. నిబంధన మనిషికి ఇచ్చిన వెసులుబాటు సరిగ్గా అంతే! ఇది తెలిశాక నాకు ఆ నిబంధన మీద గౌరవం పెరిగింది. ఆరు పిన్నుల తేడాతో పాయింట్లు పోయిన గేములో నేను రెండు స్పేర్లు వదిలేశాను.

"బాగా ఆడదాం" అనుకుంటే ఉత్సాహం రాదు. ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తల దశాబ్దాల పరిశోధనలో మళ్ళీ మళ్ళీ కనిపించింది ఇదే: చేతనైనంత చెయ్యమన్నప్పటికన్నా, కాస్త కష్టమైన ఫలానా అంకె ఇస్తే మనిషి ఇంకా బాగా పనిచేస్తాడు. ఇంగ్లండ్‌లోని నార్తంబ్రియా విశ్వవిద్యాలయంలో 2012లో వచ్చిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. సైకిలిస్టులకు తెర మీద ఒక బొమ్మ సైకిలిస్టును చూపించి, ఇది మీ పాత వేగమే అని చెప్పారు. నిజానికి దాని శక్తిని రెండు శాతం పెంచి పెట్టారు. వాళ్ళు తమ పాత రికార్డును దాటేశారు. ఎదురుగా మనిషి అక్కర్లేదు, కళ్ళకు కనిపిస్తూ ఒక్క అడుగు ముందుండేది ఏదైనా చాలు.

రెండో గేము ముందు మా చిన్నవాడికి ఫోన్ ఇచ్చి పోయిన వారం మా స్కోర్లు తీయమన్నాను. ప్రతి ఫ్రేము అయ్యాక వాడు పైకి చదివేవాడు: "పోయిన వారం మనకు ఇక్కడ 61, ఇప్పుడు 58." ఎవరి వంతు అయ్యాకైనా కూర్చుని ఒక గుక్క నీళ్ళు తాగి లేవాలని మాట అనుకున్నాం. పోయిన వారం వాళ్ళం ఆడుతున్నట్టు లెక్క. ఎవరూ నవ్వలేదు. రెండో గేము 580తో గట్టెక్కాం.

మూడో గేము ఎనిమిదో ఫ్రేములో మళ్ళీ నాకు ఆ పదో పిన్నే మిగిలింది. ఈసారి తువ్వాలు తీసుకుని బంతి తుడిచాను, నూనె చారలు గుడ్డ మీదకు వచ్చేదాకా. "పోయిన వారం ఇక్కడ నువ్వు వదిలేశావ్ అన్నా" అన్నాడు చిన్నవాడు వెనకనుంచి. ఎడమ చివర నిలబడి, లేన్ మీదుగా ఏటవాలుగా వదిలాను. పిన్ను ఎగిరి వెనక తెరకు తగిలిన చప్పుడు ఖాళీ బెంచీల మధ్య గట్టిగా వినిపించింది. పోయిన వారం మూడో గేములో మాకు 598. ఆ రాత్రి 607.