గురక వినబడింది కదా అనుకున్నారు

అమెరికాలో ఓపియాయిడ్ మందుల వల్ల పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల మాటల్లో గురక సంగతి తరచూ వస్తుంది. రాత్రి గదిలోంచి పెద్దగా గురక వినబడిందని, పాపం చాన్నాళ్లకి బాగా నిద్రపట్టిందిలే అని తలుపు దగ్గరగా వేసి వచ్చేశామని, తెల్లారి చూస్తే ఒళ్లు చల్లబడిపోయిందని చెబుతారు.

అది నిద్రలో వచ్చే గురక కాదు. గొంతు కండరాల పట్టు సడలి, గాలి దారి మూసుకుపోతూ, ఊపిరి ఆగిపోయే ముందు వచ్చే చప్పుడు.

ఓపియాయిడ్లంటే నల్లమందు వంశం. మన వంటింటి గసగసాల మొక్కే దీనికి మూలం. పచ్చికాయకు గాటు పెడితే పాలు కారతాయి, అవి ఎండితే నల్లమందు. (కూరలో వేసే గింజల్లో మత్తు దాదాపు ఉండదు, కంగారు పడక్కర్లేదు.) నల్లమందు నుంచి మార్ఫిన్, మార్ఫిన్ నుంచి హెరాయిన్ వచ్చాయి. ఫెంటానిల్‌కైతే మొక్కతో పనే లేదు, రసాయనాలతోనే తయారవుతుంది. ఏదైనా సరే, మెదడులో మ్యూ గ్రాహకాలనే పీటల మీదే కూర్చుంటుంది. నొప్పి తెలిసే చోట ఆ పీటలున్నాయి, హాయి పుట్టే చోట ఉన్నాయి. మెదడు అడుగున ఊపిరిని నడిపించే కణాల్లో కూడా ఉన్నాయి, అదే ప్రాణం మీదికి తెస్తుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగగానే గాలి పీల్చమని తొందరపెట్టడం ఆ కణాల పని. మోతాదు మించితే ఆ తొందర పోతుంది. నీళ్లలో మునిగేవాడు ఊపిరాడక కొట్టుకుంటాడు. ఇక్కడ పెనుగులాటే ఉండదు, అందుకే పక్క గదిలో ఉన్నవాళ్లకు తెలియదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. రోజూ వాడేవాడి శరీరం మందుకు అలవాటుపడి, అదే హాయికి ఇంకాస్త ఎక్కువ అడుగుతుంది. కొన్నాళ్లు మానేస్తే ఆ అలవాటు పోతుంది గానీ కోరిక పోదు. మళ్లీ ఎప్పుడైనా పాత లెక్కలోనే తీసుకుంటే శరీరం తట్టుకోలేదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవాళ్ల మీద 2007లో ఒక అధ్యయనం వచ్చింది. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో మోతాదు మించి చనిపోయే ప్రమాదం వాళ్లకి మామూలు జనం కంటే 129 రెట్లు ఎక్కువని తేలింది. డీఅడిక్షన్ సెంటర్ నుంచి వచ్చినవాళ్లకూ ఈ గండం తప్పదు. హమ్మయ్య, మానేశాడు అని ఇంట్లోవాళ్లు అనుకునే రోజులే అవి. మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ లాంటి చికిత్స మందులు కొనసాగిస్తే మరణాలు దాదాపు సగానికి తగ్గుతాయి. ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు పెడుతున్నారని వాటిని ఎగతాళి చేసేవాళ్లు మాత్రం ఇప్పటికీ తక్కువేం కాదు.

దీనికి విరుగుడు ఎప్పుడో దొరికింది. దాని పేరు నాలోక్సోన్. జాక్ ఫిష్‌మన్, మోజెస్ లెవెన్‌స్టైన్ అనే ఇద్దరు 1961లో దానికి పేటెంటు కోరారు, 1971లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. పీట మీద కూర్చున్న మత్తుమందును తోసేసి తాను కూర్చుంటుంది, కానీ మత్తు కలిగించదు. కొద్ది నిమిషాల్లోనే ఊపిరి తిరిగి మొదలవుతుంది. ఒంట్లో ఓపియాయిడ్ లేనివాళ్లకు ఇచ్చినా హాని దాదాపు ఉండదు. అయితే దాని బలం 30 నుంచి 90 నిమిషాలే. ఈలోగా అంబులెన్స్ రావాలి, లేకపోతే మత్తుమందు మళ్లీ వచ్చి కూర్చోవచ్చు.

ఇంత సులువైన మందు దశాబ్దాల పాటు ఆసుపత్రుల్లో, అంబులెన్సుల్లోనే ఉండిపోయింది. మనుషులు చనిపోతున్నది ఇళ్లలో. 2003లో ఫిష్‌మన్ భార్య కొడుకు హెరాయిన్ మోతాదు మించి చనిపోయాడు. విరుగుడు కనిపెట్టినవాడి కుటుంబానికే అది సమయానికి అందలేదు! ఆ తల్లి తర్వాత నాలోక్సోన్ ఇంటింటికీ చేరాలని ప్రచారం చేసింది.

షికాగోలో ఒక స్వచ్ఛంద సంస్థ 1996 నాటికే దీన్ని నేరుగా మత్తుకు అలవాటుపడినవాళ్ల చేతుల్లో పెట్టడం మొదలుపెట్టింది. చేతిలో విరుగుడుంటే భయం పోయి ఇంకా వాడతారని పెద్దలు అభ్యంతరం చెప్పారు. పిల్లలు పోయిన తల్లిదండ్రులు ఫొటోలు పట్టుకుని రాష్ట్ర చట్టసభలకు వెళ్లి, బతికుంటేనే కదా బాగుపడేది అని వాదించారు. 2001లో న్యూ మెక్సికో రాష్ట్రం చట్టం చేసి దారి చూపింది. 2017 నాటికి 50 రాష్ట్రాల్లోనూ చట్టాలొచ్చాయి. 2023 మార్చిలో ముక్కులో కొట్టే నాలోక్సోన్ స్ప్రేను డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి అనుమతి దొరికింది. అక్కడున్న తెలుగు ఇళ్లలో జ్వరం బిళ్లల పక్కన అదీ ఒకటి ఉంచుకుంటే తప్పేముంది? మన పిల్లలు అలాంటివాళ్లు కాదనే ధీమా ఇక్కడ పనికిరాదు. ఫెంటానిల్ కలిపిన నకిలీ బిళ్ల మామూలు నొప్పి మాత్రలాగే కనిపిస్తుంది.

ఇంతకీ ఇదంతా వీధి దందాతో మొదలవలేదు, డాక్టరు చీటీతో మొదలైంది. 1980లో ఒక వైద్య పత్రికలో అయిదు వాక్యాల ఉత్తరం అచ్చయింది. ఆసుపత్రిలో ఇలాంటి మందులు తీసుకున్న 11,882 మందిలో నలుగురే వ్యసనపరులయ్యారని దాని సారాంశం. ఆసుపత్రి లెక్కను ఇంట్లో నెలల తరబడి మింగేవాళ్లకు అంటగట్టి, నొప్పికి వాడితే వ్యసనం రాదని చాలామంది ప్రచారం చేశారు. పర్డ్యూ ఫార్మా అనే మందుల కంపెనీ 1996లో ఆక్సికాంటిన్ అనే ఓపియాయిడ్ నొప్పి మాత్రను మార్కెట్లోకి తెచ్చింది. దాని గురించి తప్పుదారి పట్టించే ప్రచారం చేసినట్టు 2007లో ఒప్పుకుంది. సుమారు 60 కోట్ల డాలర్లు కట్టారు గానీ ఎవరూ జైలుకు వెళ్లలేదు.

2022 మార్చిలో ఆ కంపెనీ యజమానులైన శాక్లర్ కుటుంబంలో ముగ్గురు, దివాలా కోర్టు వీడియో విచారణలో బాధిత కుటుంబాల మాటలు వినాల్సి వచ్చింది.  ఒక తల్లి, కొడుకు ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉండగా చూసిన రోజు ఎమర్జెన్సీకి తాను చేసిన ఫోన్ రికార్డింగు వినిపించింది. ఆ ముగ్గురిలో ఒకడైన రిచర్డ్ శాక్లర్ వీడియోలో కనబడలేదు, ఫోన్లో మాత్రమే ఉన్నాడు. ఆ రోజు వాళ్లకి మాట్లాడే వీల్లేదు, వినడం వరకే.