నొప్పి పదికి ఎంత అని అందరినీ అడగలేం

విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి పెదజాలరిపేట నుంచి ఓ ముసలాయన వస్తారు, పాడేరు వైపు నుంచి కువి తప్ప వేరే భాష రాని తల్లి చంటిబిడ్డతో వస్తుంది. ఇద్దరినీ ఒకే ప్రశ్నలతో పరీక్షిస్తే సగం విషయం నర్సుకు తెలియకుండానే పోతుంది. ఇది కొత్త సమస్యేం కాదు.

రోగిని జాగ్రత్తగా గమనించడమే నర్సు పనిలో ముఖ్యమని ఆధునిక నర్సింగ్‌కు బాట వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859 నాటికే రాశారు. గమనించినదాన్ని అంకెల్లో పెట్టడం మాత్రం చాలా తర్వాత మొదలైంది. నోరు లేని పసికందు పుట్టగానే ఎలా ఉందో చూసే స్కోరును 1953లో డాక్టర్ వర్జీనియా ఆప్గార్ ప్రచురించారు: గుండె, ఊపిరి, కండరాల బిగువు, స్పందన, రంగు, ఒక్కోదానికి 0 నుంచి 2. మంచాన పడ్డ వృద్ధులకు బెడ్ సోర్స్ ముప్పు ఎంతో చూసే నార్టన్ స్కేలు 1962లో వచ్చింది. రోగికి స్పృహ ఎంత ఉందో చూసే 1974 నాటి గ్లాస్గో స్కేలులో మాటకీ మార్కులున్నాయి, మాటలే రాని పిల్లలకు అది కుదరదు కాబట్టి తర్వాత వాళ్లకోసం మార్చారు.

నొప్పి సంగతైతే మరీ బాధాకరం. 1980ల దాకా పసిబిడ్డలకు నొప్పి పెద్దగా తెలియదని నమ్మి, చాలాచోట్ల సరిపడా మత్తు ఇవ్వకుండానే ఆపరేషన్లు చేసేవారు, ఆ నమ్మకం తప్పని 1987లో డాక్టర్ కె.జె.ఎస్. ఆనంద్ బృందం పరిశోధనలు గట్టిగా చూపించాయి. 1997లో వచ్చిన ఫ్లాక్ స్కేలు ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరడింపు చూసి నొప్పిని లెక్కేస్తుంది. మతిమరుపు వ్యాధి ముదిరిన వృద్ధుల కోసం 2003లో పెయినాడ్ అనే నొప్పి స్కేలు వచ్చింది.

చర్మం రంగు సంగతీ ఉంది. వేలికి పెట్టే ఆక్సీమీటరు నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ తగ్గుదలను తెల్లవారిలో కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు పట్టుకోలేకపోయిందని 2020లో అమెరికాలో తేలింది. కాబట్టి మన దగ్గర చామనఛాయ బిడ్డ ఆక్సిజన్ తగ్గి నీలిరంగుకు తిరుగుతోందేమో చూడాలంటే ఒళ్లు కాదు, నాలుక, పెదాల లోపలి భాగం చూడాలి.

రోగికి తగ్గట్టు ఆసుపత్రి మారడం ఈ ఊరికి ఎప్పుడో తెలుసు, పరదా పాటించే స్త్రీల కోసం వెలిసిన విక్టోరియా ఆసుపత్రిని ఇప్పటికీ ఘోషాసుపత్రి అనే అంటారు. కేస్ షీటు కూడా అలాగే మారాలని నా పట్టుదల. మన్యంలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఎక్కువ, ఆ నొప్పి వచ్చినవాళ్లు అరవకుండా ముడుచుకుని పడుకోవచ్చు. అప్పుడు అంకె అడగడం మాని, ముఖాల బొమ్మలు చూపించి, వెంట వచ్చినవాళ్లనో ఊళ్లోని ఆశా కార్యకర్తనో ఫోన్లో అడిగి, వాళ్లు చెప్పింది షీటులో రాయాలి.