పార్కులో కట్టించిన తాడు పెళ్లి కాదు: ప్రేమికుల రోజు చుట్టూ అపోహలు, వాస్తవాలు

ఫిబ్రవరి మొదలైందంటే నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకే ప్రశ్నతో మొదలవుతాయి. "మేడమ్, ఎవరో వచ్చి బలవంతంగా తాళి కట్టించేస్తే ఇక అంతేనా?" అడిగేది డిగ్రీ చదివే అమ్మాయి కావచ్చు, హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసుకుంటున్న అబ్బాయి కావచ్చు. ఫిబ్రవరి 14న కూతురు కాలేజీకి బయల్దేరితే సాయంత్రం ఇంటికి వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడే తల్లి కావచ్చు. ఫ్యామిలీ కోర్టులోనూ క్రిమినల్ కోర్టులోనూ ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ ప్రశ్నకు జవాబు ఏనాడూ మారలేదు, కానీ భయం మాత్రం ఏటా కొత్తగా పుడుతోంది. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

అపోహ: తాళి మెడలో పడితే పెళ్లి అయిపోయినట్టే

ఈ ఒక్క నమ్మకం చేసిన నష్టం మిగతా పుకార్లన్నీ కలిసినా చెయ్యలేదు. ఇద్దరు పార్కులో కూర్చుని ఉంటారు. పదిమంది చుట్టుముడతారు. "ప్రేమించుకుంటే ఇప్పుడే తాళి కట్టు, లేదంటే రాఖీ కట్టించుకో" అంటారు. ఒకడు ఫోన్లో వీడియో తీస్తుంటాడు. 2019 ఫిబ్రవరి 14న మేడ్చల్ దగ్గర కండ్లకోయ పార్కులో ఇలా ఒక జంటకు బలవంతంగా తాళి కట్టించిన వీడియో రాష్ట్రమంతా తిరిగింది. అది బయటపడింది కాబట్టి కేసు నమోదైంది. బయటికి రాకుండా ఇళ్లలోనే అణిగిపోయేవి వేరే ఉన్నాయి.

చట్టం ఏమంటుందో చూడండి. హిందూ వివాహ చట్టం, 1955లో సెక్షన్ 7 ప్రకారం వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం ప్రకారమైనా వివాహ క్రతువు జరగాలి. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగుతోనే పెళ్లి పూర్తవుతుంది. పెళ్లి అంటే తగిన క్రతువుతో, తగిన రీతిలో జరిపించడం అని సుప్రీంకోర్టు 1965లోనే భావురావు లోఖండే కేసులో చెప్పింది. 2024లో డాలీ రాణి కేసులో ఇంకో అడుగు ముందుకు వేసి, క్రతువు జరగనప్పుడు చేతిలో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉన్నా అది హిందూ వివాహం కాదంది. సర్టిఫికెట్ ఉన్నా కాదన్నప్పుడు, సిమెంటు బెంచీ దగ్గర ఎవరో జేబులోంచి తీసిచ్చిన తాడుకు విలువ ఎక్కడుంటుంది?

తమిళనాడులో సెక్షన్ 7ఎ అని 1967లో తెచ్చుకున్న ప్రత్యేక ఏర్పాటు ఉంది. పురోహితుడు లేకుండా దండలు మార్చుకున్నా, తాళి కట్టినా అక్కడ పెళ్లి చెల్లుతుంది. కానీ అక్కడ కూడా ఇద్దరూ తమ బంధువులు, స్నేహితుల ముందు తమ నోటితో ఒకరినొకరు భార్యాభర్తలుగా ఒప్పుకోవాలి. మన రెండు రాష్ట్రాల్లో ఆ సెక్షనే లేదు.

"మా కులంలో తాళి కట్టడమే పెళ్లి" అనేవాళ్లు ఉంటారు. అలాంటి ఆచారం ఉందని చెప్పేవాళ్లే దాన్ని కోర్టులో రుజువు చేసుకోవాలి. ఒకవేళ అదీ రుజువైందనుకుందాం, మొత్తం తంతు జరిగిందనే అనుకుందాం. బలవంతంతో రాబట్టిన సమ్మతి అయితే హిందూ వివాహ చట్టం సెక్షన్ 12 కింద ఆ పెళ్లిని రద్దు చేయించుకోవచ్చు. ఇద్దరిలో ఒకరు హిందూ, బౌద్ధ, జైన, సిక్కు మతాలకు బయటివాళ్లైతే అసలు ఈ చట్టమే వాళ్లకు వర్తించదు.

కొన్నేళ్ల కిందట ఒక జిల్లా కేంద్రం నుంచి ఒక తల్లి వచ్చింది. కూర్చున్న తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. సంచిలోంచి ఒక క్యారీబ్యాగ్ తీసి నా టేబుల్ మీద పెట్టింది. లోపల న్యూస్‌పేపర్లో చుట్టిన పసుపుతాడు, దానికి కట్టిన పసుపుకొమ్ము ఇంకా అలాగే ఉంది. "పారేయడానికి చేతులు రాలేదమ్మా, దేవుడి గూట్లో పెట్టాను. పిల్ల మెడలోంచి తీసినందుకు దోషం తగులుతుందా?" అని అడిగింది. ఆ పిల్లా, ఆ అబ్బాయీ క్లాస్‌మేట్లు. ప్రాజెక్టు పని ముగించుకుని పార్కులో టీ తాగుతుంటే దొరికారు. వాళ్ల మధ్య ప్రేమా లేదు, దోమా లేదు. కానీ వీడియో ఊరికి చేరేసరికి పెద్దమనుషులు కూర్చున్నారు. "ఎలాగూ తాళి పడింది, పిల్లను పంపించండి" అని తీర్పు చెప్పేశారు. తండ్రి కూడా సగం ఒప్పేసుకున్నాడు. పిల్ల కాలేజీ మానేసి గదిలో కూర్చుంది, ఆఖరి సెమిస్టరు పరీక్షలు దగ్గర పడుతున్నాయి.

ఆ తల్లికి చట్టం చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది. దోషం లేదని నమ్మించడానికి మధ్యాహ్నమంతా పట్టింది. బలవంతాన వేసింది మంగళసూత్రం కాదమ్మా, మీ అమ్మాయి మీద జరిగిన నేరానికి సాక్ష్యం, జాగ్రత్తగా దాచండి అన్నాను. మర్నాడే ఫిర్యాదు ఇచ్చాం. ఆ తాడును పోలీసులు పంచనామా చేసి తీసుకున్నారు. ఆ అమ్మాయి పరీక్షలు రాసింది, ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది.

కాబట్టి ఇలాంటిది జరిగితే చెయ్యాల్సినవి ఇవి. వీడియో డిలీట్ చెయ్యొద్దు, మీకు ఫార్వర్డ్ చేసినవాళ్ల మెసేజ్ కూడా అలాగే ఉంచండి. ఏ పోలీస్ స్టేషన్‌కైనా వెళ్లండి, మా పరిధి కాదని పంపించెయ్యడానికి వీల్లేదు. పరిధితో పని లేకుండా ఇలా నమోదు చేసే జీరో ఎఫ్ఐఆర్‌కు ఇప్పుడు పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 173 ఉంది. అడ్డగించినందుకు ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 126, బెదిరించినందుకు 351, అమ్మాయి గౌరవానికి భంగం కలిగించాలని చెయ్యి వేస్తే 74. పెళ్లికి ఒప్పించడానికి ఎత్తుకెళ్తే సెక్షన్ 87, పదేళ్ల దాకా జైలు. పరువు పోతుందని ఇంట్లోవాళ్లు తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుంటుంటే పెట్టొద్దు. అన్నిటికంటే ముఖ్యం, "సరే, అయ్యిందేదో అయ్యింది, కొన్నాళ్లు కలిసి ఉండి చూద్దాం" అనొద్దు. బలవంతం తొలగిన తర్వాత ఇష్టంగా కాపురం చేస్తే సెక్షన్ 12 దారి మూసుకుపోతుంది. ఆ పిటిషన్ వెయ్యడానికి ఉన్న గడువు కూడా బలవంతం ఆగిన నాటి నుంచి ఒక్క ఏడాదే. పెళ్లే జరగలేదని డిక్లరేషన్ కావాలంటే ఫ్యామిలీ కోర్టు ఇస్తుంది.

అపోహ: జంటగా కనబడితే పోలీసులు లోపలేస్తారు

ఇద్దరు మేజర్లు పక్కపక్కన కూర్చోవడం, పువ్వు ఇచ్చుకోవడం, చెయ్యి పట్టుకుని నడవడం ఏ చట్టంలోనూ నేరం కాదు. బహిరంగంగా ఇతరులకు ఇబ్బంది కలిగించే అసభ్య ప్రవర్తనకు న్యాయ సంహితలో సెక్షన్ 296 ఉంది, గరిష్ఠ శిక్ష మూడు నెలలు. పాత ఐపీసీలో అది 294. ముద్దు పెట్టుకున్నారని ఒక యువ దంపతుల మీద పెట్టిన అలాంటి కేసును ఢిల్లీ హైకోర్టు 2009లోనే తప్పుపట్టింది. మేజర్లు పెళ్లికి ముందు కలిసి ఉండటం నైతికమా కాదా అనేది వేరు, నేరం మాత్రం కాదని 2010లో నటి ఖుష్బూ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మేజర్ల ఇంటికి ఫోన్ చేసి చెప్పాలన్న రూలు కూడా ఎక్కడా లేదు. హైదరాబాద్‌లో 2014లో వచ్చిన షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు ఉన్నది వేధించేవాళ్లను పట్టుకోవడానికి. ఆ రోజు మిమ్మల్ని ఎవరైనా చుట్టుముడితే పిలవాల్సింది వాళ్లనే, లేదా 112కి కొట్టండి.

అపోహ: ఇద్దరికీ ఇష్టమైతే ఏ కేసూ ఉండదు

మేజర్లకైతే నిజం. అమ్మాయి వయసు 18కి ఒక్క రోజు తక్కువైనా అబద్ధం. ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ మాట గట్టిగా చెప్పాలి. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ముందు మైనర్ ఇష్టానికి లెక్క లేదు. లైంగిక సంబంధం రుజువైతే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష పదేళ్లు, వయసు 16 లోపైతే ఇరవై. "తనే నాతో వచ్చేసింది సార్" అన్నా ఇంట్లోంచి తీసుకెళ్లినందుకు కిడ్నాప్ కేసు పడుతుంది. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రాళ్ల తల్లులు బెయిల్ కోసం కోర్టు వరండాలో తిరగడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పిల్లల్ని తిట్టే ముందు ఈ లెక్క వాళ్లకు కూర్చోబెట్టి చెప్పండి.

అపోహ: ఫిబ్రవరి 14న భగత్ సింగ్‌ను ఉరి తీశారు

తియ్యలేదు. ఉరిశిక్ష పడింది 1930 అక్టోబరు 7న, లాహోర్ జైల్లో ఉరి తీసింది 1931 మార్చి 23న. ఏటా ఈ అబద్ధాన్ని ఫార్వర్డ్ చేసేవాళ్లు ఆ త్యాగానికి గౌరవం ఇస్తున్నామనుకుంటే పొరపాటు, తేదీ కూడా చూసుకోకుండా గౌరవం ఏమిటి?

ప్రేమికుల రోజంటే ఇష్టం లేనివాళ్లు ఉండకూడదని నేను అనను. మా ఇంట్లోనే మా అత్తగారికి ఆ మాట వింటేనే గిట్టదు, ఆ రోజు తల్లిదండ్రులకు పాదపూజ చేసే కార్యక్రమానికి వెళ్లి వస్తారు. మా అమ్మాయి అదే పూట ఫ్రెండ్స్‌కు కార్డులు కత్తిరిస్తూ కూర్చుంటుంది. రాత్రి ఇద్దరూ ఒకే చోట భోంచేస్తారు. జంతు సంక్షేమ బోర్డు 2023లో ఆ రోజు ఆవును కౌగిలించుకోమని పిలుపునిచ్చి, నాలుగు రోజుల ముందే వెనక్కి తీసుకుంది. పిలుపు ఇవ్వొచ్చు, పాటించేవాళ్లు పాటిస్తారు. నచ్చనివాడికి ఆ రోజు ఇంట్లో ఉండే హక్కుంది. ఎదుటివాడి మెడలో తాడు వేయించే హక్కు లేదు.

అపోహ: ఫిబ్రవరి 14న వెళ్తే అదే రోజు రిజిస్టర్ మ్యారేజీ చేసేస్తారు

హిందూ వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్ అంటే అప్పటికే జరిగిన పెళ్లిని నమోదు చెయ్యడం మాత్రమే. ఆఫీసులోనే పెళ్లి కావాలంటే ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద ముందు నోటీసు ఇవ్వాలి. ఇద్దరిలో ఒకరైనా నోటీసుకు ముందు 30 రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి. నోటీసు బోర్డు మీద పెట్టాక మరో 30 రోజులు ఆగాలి. అంటే ఆ తేదీయే కావాలనుకునేవాళ్లు సంక్రాంతికి ముందే ఆఫీసు మెట్లెక్కాలి. పెళ్లి నాడు ముగ్గురు సాక్షులు కావాలి. నోటీసు చూసి ఇంట్లోవాళ్లు వచ్చి "మాకు ఇష్టం లేదు" అని రాసిచ్చినా అది అభ్యంతరం కిందికి రాదు. వయసు చాలకపోవడం, ముందే పెళ్లై ఉండటం, నిషిద్ధ బంధుత్వం, సమ్మతి ఇవ్వలేని మానసిక స్థితి, ఇలాంటి చట్టంలో చెప్పిన కారణాలే చూస్తారు. అభ్యంతరం వస్తే మ్యారేజ్ ఆఫీసర్ 30 రోజుల్లో తేల్చాలి. కాదంటే, ఆ నిర్ణయం మీద 30 రోజుల్లోపు జిల్లా కోర్టులో అప్పీలు వేసుకోవచ్చు.