పెద్ద బోర్డు చూసి బండి ఆపకండి: నెల్లూరు, ప్రకాశం ఊళ్లలో బయట తిండి మీద అపోహలు - వాస్తవాలు

కావలిలో మెస్ పెట్టి ఇరవై రెండేళ్లయింది. అంతకుముందు కందుకూరులో పెనం దగ్గర, పొదిలిలో పొయ్యి దగ్గర పనిచేశాను. హైవే మీద వస్తూ "అన్నా, దారిలో ఎక్కడ తినమంటావు?" అని ఫోన్ చేసేవాళ్లు వారానికి నలుగురైనా ఉంటారు. వాళ్లకు కావలసింది హోటల్ పేరు. నేను మాత్రం ముందు "ఎన్నింటికి చేరతారు?" అని అడుగుతాను. చిన్న ఊళ్లలో తిండి రుచి బోర్డును బట్టి కాదు, మీరు వెళ్లే వేళను బట్టి ఉంటుంది. ఇది తెలియక చాలామంది మంచి తిండి పక్కనుంచే వెళ్లిపోతున్నారు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: నెల్లూరు చేపల పులుసంటే సముద్రపు చేపే. మామిడికాయ పడితేనే అసలుది.

మా వైపు ఇళ్లలో పులుసు చెరువు చేపతోనూ పెడతారు, సముద్రపు చేపతోనూ పెడతారు. కొర్రమేను, బొచ్చె, శీలావతి పులుసుకు ఏమాత్రం తక్కువైనవి కావు. ఇక మామిడికాయ వేసవి సరుకు. చిక్కంతా అక్కడే ఉంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట ఆపేస్తారు. మోటారు లేని నాటు పడవలు వెళ్తాయి గానీ వాటికి పడేది కొద్ది. అంటే పుల్లటి మామిడికాయ దండిగా దొరికే రోజుల్లోనే సముద్రపు చేపకు కరువు. మే నెలలో వంజరం మామిడికాయ పులుసు అని బోర్డు కనబడితే, ఆ వంజరం చాలావరకు ఐసులో నిలవున్నదే అనుకోండి.

మొన్న వేసవిలో హైదరాబాదు నుంచి ఒక కుటుంబం వచ్చింది. సముద్రపు చేప కాకపోతే మాకొద్దు అన్నారు పెద్దాయన. "ఒక్కసారి లోపలికి రండి సార్" అని వంటింట్లోకి తీసుకెళ్లి, తెల్లవారి చెరువు నుంచి వచ్చిన బొచ్చె మొప్ప ఎత్తి చూపించాను. మొప్ప ఎర్రగా తడితడిగా ఉంది, కన్ను ఉబ్బెత్తుగా ఉంది. వేలితో నొక్కి చూడమన్నాను. గుంట పడలేదు. తర్వాత ఆయన అన్నంలోకి పులుసు రెండుసార్లు అడిగి వేయించుకున్నారు.

పులుసుకూ ఒక వేళ ఉంది. మేం పొద్దున తొమ్మిదికల్లా దించేస్తాం. చింతపండు పులుసు చిక్కగా మరిగాక ముక్కలు వేస్తాం. ముక్క పడ్డాక గరిటె పెట్టం, గిన్నె అంచులు పట్టుకుని తిప్పుతాం. చివర్లో వేయించిన మెంతులపొడి. దించిన మూడు నాలుగు గంటలకు గానీ ఉప్పూ పులుపూ ముక్కలోకి దిగవు. పన్నెండున్నర, ఒంటిగంట మధ్య తినేదే పులుసు. "ఆర్డరిస్తే అప్పటికప్పుడు చేసిస్తాం" అనే మాట దోశకు బాగుంటుంది. పులుసు విషయంలో ఆ మాట వింటే, తయారుగా ఉన్న రసంలో ముక్క వేసి తెస్తారని అర్థం. ముక్క చప్పగా ఉంటుంది.

అపోహ: చేప వాసన రాకపోతే మంచిదే. బాగా ఉడికితే ఏదున్నా పోతుంది.

ఈ మాట నేనూ నమ్మాను, దానివల్ల ఇద్దరిని బాధపెట్టాను. పద్నాలుగేళ్ల కిందట ఒక ఆదివారం బండి ఆలస్యమై, ఐసు కరిగిన పెట్టెలో కానాగంతలు వచ్చాయి. వాసన లేదు. వేయించి వడ్డించాను. అరగంటలో ఇద్దరికి ముఖం కందిపోయింది, ఒళ్లంతా దద్దుర్లు, దురద. నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. సాయంత్రానికి తగ్గింది. అప్పుడు డాక్టరుగారు చెబితే తెలిసింది: కానాగంతలు, ట్యూనా లాంటి చేపలు ఐసు లేకుండా వేడికి ఉంటే వాటి కండలో హిస్టమిన్ అనే, ఒంటికి దద్దుర్లు తెచ్చే పదార్థం పుడుతుంది. నూనెలో వేయించినా, పులుసులో మరిగించినా అది పోదు. ఆ రోజు నుంచి ఐసు కరిగిన పెట్టె నా గుమ్మం ముందు దించనివ్వను. మీరు తినేటప్పుడు అలాంటి చేప నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమంటే, ఆ ముక్క పక్కన పెట్టేయండి.

అపోహ: బస్టాండు దగ్గర టిఫిన్ ముట్టకూడదు.

పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఏ చిన్న ఊళ్లోనైనా అంత వేడి ఇడ్లీ ఇంకెక్కడా దొరకదు. పల్లెల నుంచి వచ్చే తొలి బస్సుల జనానికి వాయి వెంట వాయి దిగుతూనే ఉంటుంది, ఇడ్లీకి చల్లారే తీరిక ఉండదు. కారం దోశ కూడా ఆ వేళే తినండి. పది దాటాక ఎండకు పిండి పులుస్తుంది, కొబ్బరి చట్నీ వాసన మారుతుంది. పదిన్నరకు వెళ్లి, బాగాలేదని ఆ కొట్టును తిట్టడం న్యాయం కాదు.

అపోహ: లారీలు ఆగిన చోట తిండి బాగుంటుంది.

డ్రైవర్లు ముందు చూసేది బండి పెట్టుకోను జాగా, స్నానానికి నీళ్లు, కాసేపు నడుం వాల్చను మంచం. తిండి ఆ తర్వాత.

అపోహ: నెల్లూరులో అన్నమంటే మొలగొలుకులే.

ఆ పాత వరి రకం పేరు పెద్దవాళ్ల నోట ఇంకా ఉంది. హోటళ్లలో ఇప్పుడు మీ విస్తట్లో పడేది చాలాచోట్ల బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి రకమే.

అపోహ: పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు తినడానికి ఏమీ దొరకదు.

ఈ మాట వింటే నాకు కష్టంగా ఉంటుంది. కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వైపు మధ్యాహ్నం మూడింటికి వెళ్లి బిర్యానీ కోసం వెతికితే ఏం దొరుకుతుంది? పొద్దుగూకాక వెళ్లండి. రోడ్డు పక్కన ఆడవాళ్లు కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు, సజ్జరొట్టెలు కాలుస్తుంటారు. వేడినీళ్లతో కలిపిన పిండి ముద్దను అరచేత్తో తడుతూ, చుట్టూ తిప్పుతూ చంద్రబింబంలా చేసి పెనం మీద వేస్తారు. పైన తడిగుడ్డతో ఒక్కసారి అద్దుతారు. పొంగిన రొట్టె మీద ఉల్లికారం. పక్కన పప్పు ఉంటే ఇంకేం కావాలి? సజ్జరొట్టె చల్లారితే బిరుసెక్కుతుంది కాబట్టి పార్శిల్ అడగకండి, పొయ్యి పక్కనే నిలబడి తినండి.

నీళ్ల గురించి కూడా చెప్పాలి. ఆ ప్రాంతంలో చాలా ఊళ్లలో బోరునీటిలో ఫ్లోరైడ్ ఉంది. కాచితే పోతుందని కొందరు అనుకుంటారు. పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో నీళ్లు అడిగి తాగండి. ఒక పూట తాగితే దారినపోయే మీకేమీ కాదు. ఏళ్ల తరబడి అవే తాగి పళ్లు గారపట్టి, కీళ్లు బిగుసుకుపోయినవాళ్లు ఆ ఊళ్లవాళ్లే. పొదిలిలో పనిచేసిన రోజుల్లో అలాంటివాళ్లకు రోజూ వడ్డించాను.

అపోహ: ఏ రోజు వెళ్లినా ఒకటే.

ఆదివారం మధ్యాహ్నం మాంసం తాజాది, ఎందుకంటే ఊరంతా ఆ పొద్దునే కొంటుంది. శనివారం వెంకటేశ్వరస్వామి వారమని సగం ఊరు నీచు ముట్టదు, సరుకు కదలదు. అందుకే శనివారం మా మెస్‌లో నీచు వండం. ఆ రోజు కావలి మీదుగా వెళ్తుంటే పప్పు, గోంగూర పచ్చడి, చారు, గడ్డపెరుగు ఉంటాయి. పన్నెండున్నరకల్లా రండి, అన్నం అప్పుడే వారుస్తాం.